నాలుగో వాయికి కుదిరిన ఐరిష్ సోడా బ్రెడ్: నా అనుభవం

2025 జనవరి 23, గురువారం. తెల్లారితే ఏయోవిన్ తుఫాను వస్తుందని ఐర్లాండ్ అంతటా రెడ్ వార్నింగ్ ఇచ్చారు. సాయంత్రం ఆరింటికి కార్క్‌లో మా వీధి చివర సూపర్‌మార్కెట్‌కి వెళ్తే బ్రెడ్ అరలు ఊడ్చిపెట్టినట్టున్నాయి. పిండి అర మాత్రం నిండుగా ఉంది. ఈస్ట్ అక్కర్లేదు, పులియబెట్టక్కర్లేదు, నాలుగే సరుకులు, గంటలో అయిపోతుంది అని ఇక్కడ అందరూ చెప్పే సోడా బ్రెడ్ ఇంట్లోనే చేసుకుందామన్న ఆలోచన అక్కడ పుట్టింది. గంటలో అయిపోవడం నిజమే. తినేట్టుగా రావడానికి మాత్రం మూడు వారాలు, నాలుగు వాయిలు పట్టింది. ఏ వాయి ఎందుకు చెడిందో వరసగా రాస్తున్నాను. చపాతీలు చేసి చేసి చెయ్యి తిరిగినవాళ్లు నాలాగే తప్పులు చేసే అవకాశం ఎక్కువ.

మొదటి తప్పు పొయ్యి దగ్గర కాదు, కొట్లోనే జరిగింది. పిండి అరలో స్ట్రాంగ్ ఫ్లోర్, క్రీమ్ ఫ్లోర్, సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్, కోర్స్ హోల్‌మీల్ అని నాలుగు రకాలున్నాయి. చేసేది రొట్టె కదా అని, సంచీ మీద రొట్టె బొమ్మ చూసి స్ట్రాంగ్ ఫ్లోర్ తెచ్చాను. క్రీమ్ ఫ్లోర్ అంటే అందులో మీగడ పొడి లాంటిదేదో కలుస్తుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. ఐర్లాండ్‌లో మామూలు తెల్ల గోధుమ పిండినే క్రీమ్ ఫ్లోర్ అంటారు. మన మైదాకి దగ్గర చుట్టం. సోడా బ్రెడ్‌కి కావలసింది అదే. ఇక్కడి చలికి, తేమకి పండేది మెత్తరకం గోధుమ, దానిలో జిగురు తక్కువ. ఈస్ట్ రొట్టెకి ఆ జిగురే బలం, సోడా బ్రెడ్‌కి ఆ జిగురే శత్రువు. సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్‌లో పొంగించే పొడి ముందే కలిపి ఉంటుంది, దాని జోలికి అసలు పోకండి.

సోడా డబ్బా మీద ఇక్కడ ‘బ్రెడ్ సోడా’ అని ఉంటుంది. మన వంట సోడాయే. పక్కనే ఉండే బేకింగ్ పౌడర్ వేరు. అందులో సోడాతో పాటు పులుపు పొడి కూడా ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలినా పొంగుతుంది. బ్రెడ్ సోడాకి ఆ పులుపు మజ్జిగ ఇవ్వాలి. మజ్జిగ మాత్రం కొనలేదు. ఇంట్లో పెరుగుండగా మజ్జిగ కొనడమేంటి అనుకున్నాను.

జనవరి 25, శనివారం, మొదటి వాయి. పిండి 450 గ్రాములు, సోడా ఒక స్పూను, ఉప్పు ఒక స్పూను. స్పూను అంటే వంటింట్లో చేతికందిన టీ స్పూను, అదీ గోపురంగా. పెరుగులో రెండింతలు నీళ్లు పోసి చిలికిన పల్చటి మజ్జిగ 400 మిల్లీలీటర్లు. అన్నీ కలిపి, చపాతీ పిండి పిసికినట్టే అరచేతి మడమతో ఎనిమిది నిమిషాలు పిసికాను. నున్నగా, సాగుతూ, ముచ్చటగా వచ్చింది. ఆ నున్నదనం చూసి మురిసిపోయాను కూడా. 45 నిమిషాలు కాల్చి బయటికి తీస్తే అర అంగుళం కూడా పొంగలేదు. పైన ముదురు గోధుమ రంగు, కోస్తే లోపల పసుపు. నోట్లో పెట్టుకోగానే సబ్బు నాకినట్టు చవుడు రుచి. సగం ముక్క కూడా తినలేక మొత్తం చెత్తబుట్టలో వేశాను.

ఆ ఒక్క రొట్టెలో మూడు తప్పులున్నాయి. మొదటిది, జిగురెక్కువ పిండి, దాన్ని ఇంకా పిసకడం. పిసికేకొద్దీ జిగురు వలలా అల్లుకుని బిగుసుకుంటుంది. సోడా గాలికి ఆ వలని ఉబ్బించేంత ఓపిక లేదు. ఈస్ట్ అయితే గంటల తరబడి నెమ్మదిగా ఊదుతూ ఉంటుంది, సోడా మజ్జిగ తగిలిన నిమిషాల్లోనే ఉన్న ఊపిరంతా వదిలేస్తుంది. రెండోది, పల్చటి మజ్జిగ. కొట్లో అమ్మే ఐరిష్ బటర్‌మిల్క్ చిక్కగా, దాదాపు గిలక్కొట్టిన పెరుగులా ఉంటుంది, పులుపు కూడా పెరుగంతే. మనం నీళ్లు పోసే మజ్జిగలో ఆ పులుపు మూడో వంతుకి పడిపోతుంది. పులుపు తగలని సోడా రొట్టెలో అలాగే మిగిలిపోయి పసుపు రంగు, చవుడు రుచి ఇస్తుంది. మూడోది, గోపురంగా వేసిన స్పూను. కొలత స్పూనుతో చదునుగా గీసి వేస్తే 5 గ్రాములొచ్చే సోడా, గోపురంగా వేస్తే 8 గ్రాములొచ్చింది. తర్వాత తూచి చూశాను.

ఒక పక్కమాట. ఒకప్పుడు ఐరిష్ పల్లెల్లో బటర్‌మిల్క్ అంటే కవ్వంతో వెన్న తీశాక మిగిలిన పుల్లటి నీరే. అంటే మన చిలికిన మజ్జిగే, నీళ్లు పోయనిది. ఇప్పుడు డబ్బాల్లో వచ్చేది వెన్న తీసిన పాలకి తోడు పెట్టి చేసేది. ఇంట్లో పెరుగు వాడాలంటే బాగా పులిసిన గట్టి పెరుగు 275 గ్రాములకి 125 మిల్లీలీటర్ల పాలో నీళ్లో కలిపి గిలక్కొట్టండి, అంతకు మించి పల్చన చెయ్యకండి. తియ్య పెరుగు పనికిరాదు.

ఫిబ్రవరి 1, శనివారం, రెండో వాయి. క్రీమ్ ఫ్లోర్, కొట్లో కొన్న బటర్‌మిల్క్, కొలత స్పూను, మూడూ వచ్చాయి. పిసకలేదు కూడా. ఈసారి కుదురుతుందనుకున్నాను. పిండి కలిపి, గుండ్రంగా చేసి, ట్రేలో పెట్టాక చూస్తే ఓవెన్ ఇంకా వేడెక్కలేదు. వేడెక్కనీలే, చపాతీ పిండికి కూడా నానబెట్టే టైమిస్తాం కదా అని గుడ్డ కప్పి పక్కన పెట్టాను. 25 నిమిషాలు. ఓవెన్‌లో పెట్టేసరికి ముద్ద పక్కలకి జారి పళ్లెంలా పరుచుకుంది. సోడా ఊదాల్సిన గాలంతా గట్టు మీదే పోయింది. నానబెడితే మేలు జరిగే పిండి కాదిది.

అది చాలదన్నట్టు ఓవెన్ కూడా దెబ్బకొట్టింది. పాత ఐరిష్ పద్ధతి 230 డిగ్రీల సెల్సియస్‌లో 15 నిమిషాలు, తర్వాత 200కి తగ్గించి 30 నిమిషాలు. అది ఫ్యాన్ లేని ఓవెన్‌కి. మా అద్దింటి ఓవెన్‌లో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఆపే బొత్తామే లేదు. ఫ్యాన్ ఉంటే 20 డిగ్రీలు తగ్గించుకోవాలి: ముందు 210, తర్వాత 180. నేను 230లోనే పెట్టి, తగ్గించడం మర్చిపోయాను. 25 నిమిషాలకి పైన నల్లబడింది. కంగారుపడి తీసి కోస్తే నడిమధ్యలో పచ్చి పిండి పిడచకట్టి చాకుకి అంటుకుంది. అంచుల్లో ఓ నాలుగు వేళ్ల వెడల్పు మాత్రం తినగలిగాం. మొదటిసారిగా ఆ అంచుల్లో అసలు రుచి తెలిసింది: లేత పులుపు, కాల్చిన గోధుమ వాసన. మళ్లీ చెయ్యాలనిపించింది ఆ అంచు వల్లే.

మిగిలినది పక్కింటి పెద్దావిడకి చూపించాను. రుచి చూడలేదు. రొట్టెని తిరగేసి, వేలి కణుపుతో అడుగున రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత రెండే ప్రశ్నలు: కలిపాక ఎంతసేపటికి ఓవెన్‌లో పెట్టావు? చాకు ఎంత లోతు దింపావు? రెండో ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడో వాయిలో అర్థమైంది.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఓవెన్ ముందు వెలిగించి, 20 నిమిషాలు వేడెక్కాకే మజ్జిగ డబ్బా మూత తీశాను. ఒక విషయం: కరెంటుకి స్మార్ట్ మీటర్ ఉండి, వేళని బట్టి రేటు మారే ప్లాన్ తీసుకున్నవాళ్లు సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య ఓవెన్ ముట్టుకోకండి, రోజంతటిలో అప్పుడే రేటెక్కువ. నేను పొద్దున్న పదింటికి మొదలుపెట్టాను. రొట్టె పొంగింది! ఓవెన్ అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయాను. కానీ పైన ప్లస్ గుర్తు గాటు అలంకారం అనుకుని అర సెంటీమీటరు లోతే పెట్టాను. 20 నిమిషాలకి పైపెచ్చు గట్టిపడి, లోపల పొంగుతున్న పిండికి దారి లేక ఒక పక్క నుంచి పగిలి, బొజ్జలా బయటికొచ్చింది.

గాటు పని రెండు రకాలు. పైపెచ్చు ఎక్కడ విచ్చుకోవాలో అదే చెప్తుంది. మందంగా ఉండే నడిమి భాగానికి వేడి దిగే దారి కూడా అదే. అందుకే ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా, ముద్ద మందంలో సగానికి పైగా చాకు దిగాలి. పెట్టేటప్పుడు ఇంత లోతా అని భయమేస్తుంది, నాలుగు ముక్కలు విడిపోతాయేమో అనిపిస్తుంది. విడిపోవు. తర్వాత నాలుగు భాగాల్లో ఒక్కో చోట చాకు మొనతో పొడుస్తారు. లోపలున్న ఫెయిరీలు, అంటే ఐరిష్ కథల్లోని మాయా జీవులు, బయటికి పోవడానికట. పక్కింటావిడ ఆ మాట నవ్వకుండానే చెప్పింది.

మూడో వాయిలో ఇంకో లోపం కోశాక బయటపడింది. తెల్లటి ముక్క మీద అక్కడక్కడా ఆవగింజంత గోధుమరంగు చుక్కలు. చుక్క నాలుక మీద పడితే చేదు. అవి ఉండకట్టిన సోడా. ఇక్కడి తేమకి డబ్బాలో సోడా చిన్న చిన్న ఉండలు కడుతుంది, చేత్తో కలిపితే విరగవు. సోడాని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, టీ వడగట్టే జల్లెడలోంచి పిండి మీద రాల్చాలి. తర్వాత పిండి, ఉప్పు, సోడా కలిపి రెండుసార్లు జల్లించాలి. ఈ రెండు నిమిషాలు బద్ధకించి మంచి రొట్టెని పాడుచేసుకున్నాను. పైగా వేడివేడిగా కోశాను. ఓవెన్‌లోంచి తీశాక కూడా లోపల ఆవిరి కుదురుకోవాలి. వెంటనే చాకు పెడితే ఉడికినది కూడా పచ్చిగా ఉన్నట్టు ముద్దకడుతుంది. కనీసం 40 నిమిషాలు ఆగండి. ఇంటినిండా ఆ వాసన కమ్ముకుని ఉండగా ఆ 40 నిమిషాలే మొత్తం పనిలో కష్టమైన భాగం.

ఫిబ్రవరి 16, ఆదివారం. నాలుగో వాయి. కుదిరింది. ఈ వాయి ఎలా చేశానో కొలతలతో సహా రాస్తాను.

పది గంటలకి ఓవెన్ 210లో వెలిగించాను, మధ్య అర. ట్రే మీద ఏ కాగితమూ లేదు, పొడిపిండి చల్లానంతే. వెడల్పాటి బేసిన్ తీసుకోండి, లోతు గిన్నెలో చెయ్యి తిరగదు. క్రీమ్ ఫ్లోర్ 450 గ్రాములు, బ్రెడ్ సోడా చదునుగా ఒక టీ స్పూను, అంటే 5 గ్రాములు, ఉప్పు చదునుగా ఒక స్పూను. రెండుసార్లు జల్లించి మధ్యలో గుంట చేశాను. బటర్‌మిల్క్ 400 మిల్లీలీటర్లు కొలిచి పెట్టుకుని అందులో 350 ఒక్కసారే గుంటలో పోశాను. కొంచెం కొంచెంగా పొయ్యకూడదు. అలా పోస్తే ముందు తడిసిన పిండి ఉండలు కడుతుంది, ఆ ఉండలు విరగ్గొట్టడానికి మళ్లీ పిసకాల్సి వస్తుంది.

ఇప్పుడు చేతి పని. ఒక చెయ్యే వాడాలి, రెండోది గిన్నె పట్టుకోవడానికి. వేళ్లు గద్ద గోళ్లలా విడదీసి బిగబట్టి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు పెద్ద సున్నాలు చుట్టాలి. వేళ్లు మడవకూడదు, గుప్పిట మూయకూడదు, అరచెయ్యి పిండికి తగలకూడదు. ఎనిమిదో తొమ్మిదో చుట్లకి పొడిపిండి తడిలోకి చేరిపోతుంది. అడుగున పొడి మిగిలితే పక్కన పెట్టుకున్న 50 మిల్లీలీటర్లలోంచి చిలకరించండి. నాకు ఆ రోజు 380 పట్టింది, ఇంకో సంచీ తెరిచిన రోజు 395. గడియారం పెట్టి చూశాను, 30 సెకన్లు. ముద్ద గరుకుగా, గతుకులుగా, ఇంకా కలవాల్సింది మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడే ఆపాలి. నా చెయ్యి ఆగనంది. ఇంకో నాలుగు సార్లు వత్తితే నున్నగా అవుతుంది కదా అని లాగుతూనే ఉంది. చపాతీకి పట్టిన అలవాటది. గిన్నె వదిలేసి పంపు దగ్గరికెళ్లి చెయ్యి కడుక్కుంటే గానీ ఆగలేదు. అది మంచిదే అయింది: కడిగి తుడుచుకున్న పొడి చేతికి పిండి అంటుకోదు.

గట్టు మీద పొడిపిండి చల్లి ముద్దని దాని మీదకి జార్చాను. రెండు చేతుల పక్కలతో చుట్టూ సర్ది, ఒకసారి తిరగేసి, పైన మెల్లిగా తట్టి 4 సెంటీమీటర్ల మందం ఉండేట్టు చేశాను. ట్రేలోకి మార్చి, పెద్ద చాకుతో ప్లస్ ఆకారంలో లోతుగా గాట్లు, నాలుగు పోట్లు, ఓవెన్. మజ్జిగ పోసినప్పటి నుంచి ఓవెన్ తలుపు మూసేదాకా నాలుగు నిమిషాలు.

210లో 15 నిమిషాలు, తలుపు తెరవకుండా 180కి తగ్గించి ఇంకో 25. అప్పుడు తీసి, గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగున తట్టాను. నడి భాగంలో ఇంకా మెత్తగా, తడి మట్టి కుండ తట్టినట్టు మోగింది. తలకిందులుగానే లోపల పెట్టి ఇంకో ఏడు నిమిషాలు. ఈసారి ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. పక్కింటావిడ చెవి దగ్గర పెట్టుకుని విన్నది ఈ మోత కోసమే. చెవి మీద నమ్మకం లేకపోతే వంట థర్మామీటర్ నడిమధ్యకి గుచ్చండి, 95 డిగ్రీలు దాటితే అయినట్టే.

పైపెచ్చు కరకరలాడాలంటే తీగ జాలీ మీద అలాగే ఆరనివ్వాలి. మెత్తగా కావాలంటే వేడి మీదే నూలు గుడ్డలో చుట్టెయ్యాలి. మాకు మెత్తగా నచ్చింది. 40 నిమిషాలు ఆగి గాట్ల వెంబడి చేత్తో తుంచితే నాలుగు ముక్కలుగా విడిపోయింది. లోపల తెలుపు, కాస్త మీగడ రంగు, గుల్లగా, పొరలు కాకుండా పొడిపొడిగా విరిగే రకం. ఈస్ట్ బ్రెడ్‌లా సాగదు. సాగితే ఎక్కువ పిసికినట్టు. ఉప్పు వేసిన వెన్న మందంగా రాసుకుని తినాలి, పల్చగా రాస్తే ఈ రొట్టె గొంతుకి అడ్డం పడుతుంది. 860 గ్రాముల ముద్ద కాల్చాక 750 గ్రాములు తూగింది.

ఖర్చు సంగతి. నేను కొన్నప్పటి ధరల్లో ఒక రొట్టెకి పిండి 60 సెంట్లు, అర లీటరు బటర్‌మిల్క్ 1 యూరో 10 సెంట్లు, కరెంటు 40 సెంట్ల చిల్లర, సోడా, ఉప్పు లెక్కలోకి రావు. అంటే ఓ 2 యూరోల పైన. అదే సైజు సోడా బ్రెడ్ కొట్లో ఇంచుమించు అంతే ధర. డబ్బు మిగుల్తుందని మొదలుపెట్టకండి, మిగలదు. పాడైన మొదటి మూడు వాయిలు, డిజిటల్ త్రాసు, కొలత స్పూన్లు కలిపితే నేను ఇంకా నష్టంలోనే ఉన్నాను. త్రాసు మాత్రం కొనాల్సిందే. కప్పుతో కొలిస్తే పిండి ఎంత కూరారన్న దాన్ని బట్టి ఒక కప్పుకే 30 గ్రాముల తేడా వస్తోంది.

నిలవ ఉండదు. మొదటి రోజు బంగారం, రెండో రోజు టోస్ట్ చేసుకుంటే బాగుంటుంది, మూడో రోజు సూప్‌లో ముంచుకోవాల్సిందే. కొవ్వు, పంచదార ఏమీ లేవు కాబట్టి త్వరగా ఎండుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.

ఓవెన్ లేనివాళ్లకి పెనం దారి ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో దీన్ని ఫార్ల్ అంటారు. పిండి 250 గ్రాములు, సోడా అర స్పూను, ఉప్పు అర స్పూను, బటర్‌మిల్క్ 200 నుంచి 220. అదే గద్ద గోళ్ల చెయ్యి. ఒకటిన్నర సెంటీమీటర్ల మందంగా గుండ్రంగా తట్టి, ప్లస్ ఆకారంలో నాలుగు ముక్కలుగా పూర్తిగా కోసి, పొడిపిండి చల్లిన మందపాటి ఇనప పెనం మీద సన్న సెగన ఒక్కో వైపు ఎనిమిది నుంచి పది నిమిషాలు. నూనె వద్దు. దోసెల సెగ పెడితే మాడుతుంది. మన ఊళ్లలో ఉన్నవాళ్లు మైదాతో, పైన చెప్పిన పుల్ల పెరుగుతో ఇలా చేసుకోవచ్చు. చక్కీ ఆటా ఒక్కటే వాడకండి. సన్నగా విసిరిన పిండి కాబట్టి తడంతా పీల్చేసుకుని మట్టిగడ్డలా వస్తుంది, సగం మైదా కలపండి.

తెల్లది చేతికొచ్చాక మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే సెలవు, బ్రౌన్ బ్రెడ్ పెట్టాను. ఇక్కడి ఇళ్లలో రోజూ తినేది ఇదే. కోర్స్ హోల్‌మీల్ 350 గ్రాములు, అంటే తవుడు రేకులు కళ్లకి కనిపించే ముతక పిండి, క్రీమ్ ఫ్లోర్ 100, ఓట్స్ 30, సోడా, ఉప్పు అదే కొలత, పొద్దుతిరుగుడు గింజలు రెండు పెద్ద స్పూన్లు, తేనె ఒక స్పూను, బటర్‌మిల్క్ 470 మిల్లీలీటర్లు. తవుడు తడి పీలుస్తూనే ఉంటుంది కాబట్టి ముద్దగా కాదు, గారెల పిండికంటే పల్చగా, ఇడ్లీ పిండికంటే గట్టిగా ఉండాలి. దీన్ని చేత్తో తట్టలేం. నూనె రాసిన రెండు పౌండ్ల రొట్టె టిన్నులో గరిటెతో వేసి, పైన చాకుతో పొడుగ్గా ఒక గాటు. ఫ్యాన్ ఓవెన్‌లో 180లో 50 నిమిషాలు, టిన్నులోంచి తీసి తలకిందులుగా ఇంకో పది. కలపడం గరిటెతో కాబట్టి నా చపాతీ చెయ్యికి పని పడలేదు, మొదటిసారే కుదిరింది. తెల్లదానికంటే దీంతో మొదలుపెట్టి ఉంటే ఆ మూడు వాయిలు పాడయ్యేవి కావేమో.

మార్చి 18 పొద్దున్న మిగిలిన సగం కోస్తే పొద్దుతిరుగుడు గింజలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఒక్కరోజుకే బూజా అని గుండె జారింది. వాసన చూశాను, బానే ఉంది. గింజని చీల్చి చూస్తే పైన కాదు, లోపల దాకా పచ్చ. బూజు కాదది. పొద్దుతిరుగుడు గింజల్లో ఉండే క్లోరోజెనిక్ యాసిడ్ సోడా తగిలితే ఇలా పచ్చబడుతుంది, రొట్టె చల్లారేకొద్దీ రంగు ముదురుతుంది. తింటే ఏమీ కాదు. తర్వాతి వాయికి సోడా ముప్పావు స్పూనుకి తగ్గించాను. పొంగు తగ్గలేదు. గింజలు మాత్రం ఇంకా లేతాకుపచ్చగానే ఉన్నాయి. ఇప్పుడు వాటి బదులు గుమ్మడి గింజలు వేస్తున్నాను, అవి ఎలాగూ పచ్చగానే ఉంటాయి.